టెక్సాస్‌లో ఏరోబిక్ సెప్టిక్ ఉన్న ఇల్లు కొంటున్నాం: ఆప్షన్ పీరియడ్‌లో ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: పల్నాడు_ఆస్టిన్

నమస్కారమండీ. జార్జ్‌టౌన్‌కి పడమర, విలియమ్సన్ కౌంటీలో ఒక ఇంటికి కాంట్రాక్టు రాసుకున్నాం. ఎకరం పావు స్థలం. నీళ్ళు పైపులైను ద్వారా వస్తాయి, బావి లేదు. మురుగు మాత్రం సిటీ లైనుకి కలవదు. ఏరోబిక్ సెప్టిక్ (గాలి కొట్టి మురుగుని శుద్ధిచేసి, ఆ నీటిని పెరట్లో చిమ్మే రకం), వెనక పెరట్లో రెండు స్ప్రింక్లర్లు ఉన్నాయి.

లిస్టింగులో 5 బెడ్‌రూములు, 3,700 చదరపు అడుగులు అని ఉంది. అందులో ఒక గది గరాజ్‌ని మూసి కట్టినదని సెల్లర్ డిస్‌క్లోజర్‌లో రాశారు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు గడువు తీరిపోయింది, మళ్ళీ తీసుకోలేదు. ఆప్షన్ పీరియడ్, అంటే కాంట్రాక్టు నుంచి వెనక్కి తగ్గే వీలున్న గడువు, 7 రోజులే. ఏజెంట్‌ని అడిగితే సెప్టిక్ బాగానే పనిచేస్తోంది, ప్రత్యేకంగా ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదంటున్నారు.

కొన్నాక మా ఆలోచనలివి. అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు ఉంటారు, వాళ్ళకి పెరట్లో చిన్న కాసిటా (విడిగా ఉండే అతిథి ఇల్లు) కట్టాలి. స్ప్రింక్లర్లు తిరిగే చోట గడ్డి చాలా పచ్చగా ఉంది, అక్కడే కూరగాయల మడులు వేయాలనుకుంటున్నాం. తర్వాతెప్పుడైనా స్విమ్మింగ్ పూల్. వీటిలో సెప్టిక్ నిబంధనలకు ఏవి అడ్డొస్తాయి? ఈ 7 రోజుల్లో ఏ కాగితాలు తెప్పించుకోవాలి, ఏం తెరిచి చూడాలి?

జవాబు: నల్లరేగడి

ముందు మీ ఏజెంట్ మాట పక్కన పెట్టండి. పనిచేస్తోంది అంటే ఫ్లష్ చేస్తే నీళ్ళు పోతున్నాయని మాత్రమే. ఏరోబిక్ సిస్టంలో గాలి పంపు చచ్చిపోయినా నీళ్ళు పోతూనే ఉంటాయి, స్ప్రింక్లర్లు తిరుగుతూనే ఉంటాయి. కాకపోతే అవి చిమ్మేది శుద్ధికాని మురుగు.

ఈ వ్యవహారం ఎవరి చేతిలో ఉందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఒక్కో ఇంటి సెప్టిక్‌ని ఫెడరల్ ఈపీఏ నియంత్రించదు, రాష్ట్రాలకే వదిలేసింది. టెక్సాస్‌లో మూల చట్టం హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 366వ అధ్యాయం. దాని కింద టీసీఈక్యూ (రాష్ట్ర పర్యావరణ కమిషన్) రాసిన నిబంధనలు 30వ టైటిల్ 285వ అధ్యాయంలో ఉన్నాయి. వాటిలో సెప్టిక్‌ని ఓఎస్ఎస్ఎఫ్ (ఆన్-సైట్ స్యూయేజ్ ఫెసిలిటీ) అంటారు, మీరు కౌంటీలో అడిగేటప్పుడు ఆ మాటే వాడండి. పర్మిట్లు, తనిఖీలు చాలావరకు ఆథరైజ్డ్ ఏజెంట్ల చేతిలో ఉంటాయి: కౌంటీ, సిటీ, కొన్నిచోట్ల రివర్ అథారిటీ. టీసీఈక్యూ ఒప్పుకుంటే వాళ్ళు రాష్ట్రం కంటే కఠినమైన నిబంధనలు పెట్టుకోవచ్చు. అందుకే పక్క కౌంటీలో ఉన్న స్నేహితుడి అనుభవం మీకు ఆధారం కాదు.

ఈరోజే చేయాల్సింది ఒక్కటే. ఇంటి అడ్రసుతో కౌంటీకి ఓఎస్ఎస్ఎఫ్ ఫైలు మొత్తం కావాలని ఈమెయిల్ పెట్టండి. అది పబ్లిక్ రికార్డే. అందులో ఉండాల్సినవి: సైట్ ఇవాల్యుయేషన్, డిజైన్ డ్రాయింగు, నిర్మాణానికి ఇచ్చిన అనుమతి, గొయ్యి పూడ్చకముందు చేసిన తనిఖీ రిపోర్టు, వాడుకోడానికి ఇచ్చిన తుది ఆమోదం, ఏటా వచ్చిన మెయింటెనెన్స్ రిపోర్టులు. ఏరోబిక్ కాబట్టి కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టరైన అఫిడవిట్ కూడా ఉంటుంది. కొత్త యజమాని కొన్న 30 రోజుల్లో మెయింటెనెన్స్ ఎవరు చూస్తారో తేల్చుకోవాలన్న షరతు సాధారణంగా అందులోనే ఉంటుంది.

ఫైలు చేతికొచ్చాక మొదట రెండు అంకెలు వెతకండి: ఎన్ని బెడ్‌రూములకి, రోజుకి ఎన్ని గ్యాలన్లకి పర్మిట్ ఇచ్చారు. మీ కేసులో అసలు సంగతంతా అక్కడే ఉందనిపిస్తోంది. గరాజ్ గదిగా మారిందంటే, పర్మిట్ 4 బెడ్‌రూములకే ఉండే అవకాశం ఎక్కువ. లిస్టింగులో ఎన్ని రాసుకున్నారన్నది కౌంటీకి లెక్కలోకి రాదు.

ఆ తర్వాత డ్రాయింగు ప్రింటు తీసుకుని పెరట్లో నిలబడండి. స్ప్రే వలయాలు గీసిన చోట ఇప్పుడు షెడ్డు, ట్రాంపొలీన్, కాంక్రీటు ఏమైనా వచ్చాయా? స్ప్రింక్లర్ చుట్టూ 10 అడుగుల లోపు నీటి చిమ్ముడుకి అడ్డొచ్చేది ఏదీ ఉండకూడదు. స్ప్రింక్లర్ హెడ్డు జరిపారా? డిజైన్లో లేని మార్పు ఏది చేసినా అది ఆల్టరేషనే, దానికి విడిగా పర్మిట్ కావాలి.

పర్మిట్ బదిలీ గురించి బెంగ వద్దు. ఇల్లు చేతులు మారితే పర్మిట్ దానంతటదే కొత్త యజమాని పేరుకి వస్తుంది. దానితో పాటు పాత యజమాని చేసిన ఉల్లంఘన కూడా మీ నెత్తిన పడుతుంది, సరిచేయమని నోటీసు మీకే వస్తుంది.

జవాబు: గోదారిగట్టు

కాగితాల సంగతి పైన వచ్చింది కాబట్టి నేను మూతలు తెరిచాక చూడాల్సినవి చెప్తాను. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్‌తో ఈ పని కాదు. టీసీఈక్యూ లైసెన్సున్న మెయింటెనెన్స్ ప్రొవైడర్‌ని పిలవండి. ఆ ప్రాంతంలో మీ బ్రాండు యూనిట్లే రోజూ చూసేవాళ్ళయితే ఇంకా మంచిది. పరీక్ష జరిగేటప్పుడు మీరూ పక్కనే ఉండండి.

ఇంట్లోంచి వచ్చే మురుగు మొదట ట్రాష్ ట్యాంకులోకి వెళ్తుంది. గట్టి సరుకు అక్కడ ఆగుతుంది. రెండోది గాలి గది. బయట డబ్బాలో ఉన్న ఎయిర్ పంపు గొట్టం ద్వారా అడుగున డిఫ్యూజర్లలోకి గాలి కొడుతుంది, బాక్టీరియా మురుగుని తింటుంది. అక్కడే క్లారిఫయర్ కోన్‌లో బురద కిందికి దిగి, తేటనీరు పైకొస్తుంది. ఆ నీరు క్లోరిన్ గొట్టం మీదుగా పంపు ట్యాంకులోకి, అక్కణ్ణుంచి స్ప్రింక్లర్లకి పోతుంది.

ఎయిర్ పంపు మీద చెయ్యి వేస్తే సన్నని వణుకు తెలియాలి. కానీ వణుకు ఉన్నంత మాత్రాన గాలి వస్తున్నట్టు కాదు. లోపలి రబ్బరు డయాఫ్రం చిరిగితే మోటారు తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. మూత తీసి గాలి గదిలో నీరు కుతకుతలాడుతోందో లేదో చూడాలి. వాసన కూడా చెప్పేస్తుంది: సరైన యూనిట్లో తడిమట్టి వాసన వస్తుంది. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోందంటే ఆక్సిజన్ అందడం లేదు.

ఇప్పుడు ఒక గాజు సీసా పరీక్ష, తప్పకుండా చేయించండి. గాలి గదిలోంచి ఒక క్వార్టు నీళ్ళు తీసి, సీసాలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచాలి. బాక్టీరియా బలంగా ఉంటే చాక్లెట్ రంగు ముద్దలు మెల్లగా అడుక్కి దిగి, పైన పల్చని తేట మిగులుతుంది. దిగిన బురద సీసాలో సగం దాటితే ట్యాంకు తోడించే వేళయిందని అర్థం. నీరు నల్లగా ఉండి ఏమీ దిగకపోతే గాలి అందడం లేదు. రంగు పల్చగా, అసలు ముద్దలే లేకపోతే ఇల్లు చాలాకాలం ఖాళీగా ఉండైనా ఉండాలి, ఎవరో బ్లీచ్ గుమ్మరించైనా ఉండాలి.

తర్వాత పంపు ట్యాంకు. అందులో నీరు అడుగు కనపడేంత తేటగా ఉండాలి. అడుగున నల్లటి బురద పేరుకుందంటే క్లారిఫయర్ దాటి సరుకు వచ్చేస్తోంది. ఫ్లోట్ చేత్తో ఎత్తి చూడమనండి, ఎర్రలైటు వెలగాలి, అలారం మోగాలి. అలారం వైరు పీకేసి ఉండటం చాలా మామూలు విషయం. కంట్రోల్ డబ్బా కూడా తెరిపించండి. టెక్సాస్‌లో ఫైర్ యాంట్స్ రిలేల మధ్య గూడు కట్టి షార్ట్ చేస్తాయి.

స్ప్రింక్లర్లు మాన్యువల్‌గా నడిపించి ఒక్కో హెడ్డు ఎంతదూరం చిమ్ముతోందో టేపుతో కొలవండి. హెడ్డు మూత ఊదారంగులో ఉండాలి, శుద్ధి చేసిన మురుగుకి ఆ రంగు నిబంధన. వలయం అంచు నుంచి ప్రాపర్టీ లైనుకి 20 అడుగులు ఉండాలి. టైమరు పెట్టి అర్ధరాత్రి నుంచి ఉదయం 5 లోపే చిమ్మేలా చేస్తే 10 అడుగులు చాలు. టైమరు పాడై మధ్యాహ్నం పూట తిరుగుతున్న ఇళ్ళు కనిపిస్తుంటాయి. అలాంటప్పుడు ఆ 10 అడుగుల సడలింపు వర్తించదు.

పిల్లలున్న ఇల్లయితే మూతల గురించి పట్టుబట్టండి. పైమూత బోల్టులతోనో తాళంతోనో బిగించి ఉండాలి, లేదా కనీసం 65 పౌండ్ల బరువుండాలి. దాని కింద రెండో అడ్డు, వలగానీ ప్లగ్గుగానీ, ఉండాలి. పాత ట్యాంకులకి ఇది లేకపోతే సెల్లర్ చేత పెట్టించుకోండి, పెద్ద ఖర్చు కాదు. ఎవరైనా సరే ట్యాంకులోకి దిగకూడదు, తల వంచి లోపలికి తొంగిచూడకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్క పీల్పుకే స్పృహ తప్పిస్తుంది.

పల్నాడు_ఆస్టిన్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఫైలు వచ్చింది. మీరనుకున్నట్టే పర్మిట్ 4 బెడ్‌రూములకి, 3,200 చదరపు అడుగులకి. రోజుకి 300 గ్యాలన్లు. యూనిట్ 500 గ్యాలన్లది. స్ప్రే రేటు 0.064 (చదరపు అడుగుకి రోజుకి ఇన్ని గ్యాలన్లు) అని రాశారు, రెండు హెడ్లు, ఒక్కోటి 28 అడుగుల వ్యాసార్థం. సున్నపురాయి మీద 10 అంగుళాల మట్టి అని సైట్ రిపోర్టులో ఉంది. గరాజ్ గది తర్వాత వచ్చిందే, దానికి సెప్టిక్ పర్మిట్ మార్చినట్టు ఎక్కడా లేదు. ఇప్పుడేం చేయాలి? సెల్లర్ ఏజెంట్ అది స్టడీ రూమ్ కింద చూపిద్దాం అంటున్నారు.

జవాబు: నల్లరేగడి

పేరు మారిస్తే మీ ఇబ్బంది తీరదు. టెక్సాస్ పట్టికలో బెడ్‌రూములు, చదరపు అడుగులు రెండూ చూస్తారు, ఏది ఎక్కువ తరగతిలో పడితే అదే లెక్క. 4 బెడ్‌రూముల వరస 3,500 చదరపు అడుగుల దగ్గర ఆగిపోతుంది. మీ ఇల్లు ఇప్పుడు 3,700 కాబట్టి ఆ గదిని స్టడీ అన్నా, పూజగది అన్నా ఇల్లు 5 బెడ్‌రూముల వరసలోకే వస్తుంది.

నీరు ఆదా చేసే కుళాయిలు, టాయిలెట్లు ఉన్న ఇంటికి పట్టిక ఇలా ఉంటుంది: 3 బెడ్‌రూములకి 240 గ్యాలన్లు, 4కి 300, 5కి 360. అలాంటివి లేకపోతే 300, 375, 450. మీ ఫైల్లో 300 రాశారంటే ఆదా పరికరాల లెక్కన డిజైన్ చేశారు. పాత టాయిలెట్లు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ లెక్క కూడా తప్పుతుంది, చూసుకోండి.

ఇప్పుడు స్ప్రే విస్తీర్ణం. 300ని 0.064తో భాగిస్తే సుమారు 4,690 చదరపు అడుగులు. 28 అడుగుల వ్యాసార్థంతో రెండు పూర్తి వలయాలు కలిపి 4,926 వస్తాయి, అంటే అప్పటికి సరిపోయింది. 360కి లెక్కేస్తే 5,625 కావాలి. ఇంకో 700 చదరపు అడుగులు తక్కువ. 22 అడుగుల వ్యాసార్థంతో ఒక అర్ధవలయం హెడ్డు పెడితే 760 వస్తాయి. ఒకదాని మీద ఒకటి పడిన భాగాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ఎకరం పావులో చోటు దొరకొచ్చు, కానీ ఆ అర్ధవలయం పూల్ కోసం మీరు చూసుకున్న చోటునే తినేయొచ్చు. పూల్‌కీ స్ప్రే అంచుకీ మధ్య 25 అడుగులు ఉండాలి.

ట్యాంకు వైపు కూడా పని పడుతుంది. శుద్ధి యూనిట్ల పట్టికలో 4 బెడ్‌రూములకి 480 గ్యాలన్ల సామర్థ్యం చాలు, 5కి 600 కావాలి. మీ 500 యూనిట్ సరిపోదు. పంపు ట్యాంకులో కూడా, రాత్రిపూట టైమరుతో నడిచే సిస్టమైతే, పంపు మొదలయ్యే మట్టం నుంచి అలారం మట్టం వరకు ఒక రోజు ప్రవాహం పట్టాలి. అలారం పైన ఇంకో మూడోవంతు పట్టాలి. మీకు అది 360, ఆపైన 120 గ్యాలన్లు. ఉన్న పంపు ట్యాంకు కొలతలు డ్రాయింగులో ఉంటాయి, కలిపి చూడండి.

ఇది చేయించాలంటే దారి ఇది. రిజిస్టర్డ్ శానిటేరియన్ (లైసెన్సున్న పారిశుధ్య నిపుణుడు) గానీ ప్రొఫెషనల్ ఇంజనీర్ గానీ కొత్త డిజైన్ గీయాలి. ఏరోబిక్ కాబట్టి ఇన్‌స్టాలర్ 2 లైసెన్సున్నవాళ్ళే బిగించాలి, ఇన్‌స్టాలర్ 1కి ఆ అధికారం లేదు. నిర్మాణ అనుమతి ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. కౌంటీ వచ్చి చూడకముందు మట్టి కప్పకూడదు. 7 రోజుల్లో ఇదంతా అయ్యేది కాదు. అందుకని ఆప్షన్ పీరియడ్ పొడిగించమని అడగండి. లేదా డిజైనర్ చేత రాతపూర్వక అంచనా తీసుకుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. క్లోజింగుకి ముందే సెల్లర్ పేరుమీద పర్మిట్ దరఖాస్తు పడితే అన్నిటికన్నా మంచిది. మాటమీద ఒప్పుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి.

కాసిటా విషయం కౌంటీని విడిగా అడగండి. అందులో వంటగది, బాత్రూము పెడితే దాని ప్రవాహం ప్రధాన ఇంటి లెక్కకి కలుస్తుంది. జార్జ్‌టౌన్ పడమర చాలా భాగం ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ రీఛార్జ్ జోన్. అక్కడ రాతి నెరియల్లోంచి పైనీరు నేరుగా భూగర్భంలోకి దిగిపోతుంది, అందుకే ఒక్కో ఇంటికి కనీసం ఎకరం ఉండాలన్న ప్రత్యేక నిబంధన ఉంది. కాసిటాని రెండో ఇల్లుగా లెక్కిస్తే ఎకరం పావు చాలదు. గుహ, సింక్‌హోల్ లాంటివి స్థలంలో ఉంటే వాటి నుంచి 150 అడుగుల దూరం కూడా పాటించాలి.

జవాబు: శ్రీకాకుళం_బోస్టన్

మసాచుసెట్స్ నుంచి చదివేవాళ్ళు పై జవాబుల్ని అలాగే తీసుకోకండి, ఇక్కడ పద్ధతి వేరు. టెక్సాస్‌లో ఇల్లు అమ్మేటప్పుడు సెప్టిక్ పరీక్ష తప్పనిసరి చేసే రాష్ట్రవ్యాప్త నిబంధన లేదు. మసాచుసెట్స్‌లో టైటిల్ 5 (ఆ రాష్ట్ర సెప్టిక్ నిబంధనలు) కింద అమ్మకానికి ముందు రెండేళ్ళలోపు చేసిన ఇన్‌స్పెక్షన్ ఉండి తీరాలి. ఏటా తోడించినట్టు రికార్డుంటే ఆ గడువు మూడేళ్ళు. ఫెయిలైతే మామూలుగా రెండేళ్ళలో బాగుచేయించాలి. లెక్క బెడ్‌రూముకి రోజుకి 110 గ్యాలన్లు, ట్యాంకు కనీసం 1,500 గ్యాలన్లు. ఇళ్ళ వైశాల్యాన్ని టెక్సాస్‌లా పట్టికలో కలపరు. కొత్తగా టెక్సాస్‌కి మారినవాళ్ళు ఈ తేడా గమనించాలి. ఇక్కడ చట్టం అడ్డుపడి ఇన్‌స్పెక్షన్ చేయిస్తుంది, అక్కడ కొనేవాళ్ళు అడక్కపోతే ఎవరూ చేయరు.

జవాబు: మానేరు

కూరగాయల మడుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. స్ప్రే పడే చోట తినే పంట ఏదీ పెంచకూడదని రాష్ట్ర నిబంధనలోనే ఉంది. గోంగూర, బచ్చలి, వంగ, కరివేపాకు చెట్టు, జామ, ఏదీ కుదరదు. గడ్డి లేని ఖాళీ నేల మీద కూడా చిమ్మకూడదు, నీరు ఇంకకుండా పారిపోతుంది. మడులు వలయానికి బయట, వాన నీరు స్ప్రే వైపు నుంచి పారని పక్కన, గాలి మోసుకొచ్చే తుంపర పడనంత దూరంలో వేసుకోండి.

గడ్డి పచ్చగా ఉందన్నారు. వలయమంతా ఒకేలా పచ్చగా ఉంటే మంచిదే. హెడ్డు చుట్టూ మాత్రమే చిత్తడిగా ఉండి మిగతాది ఎండిపోతుంటే హెడ్డు మూసుకుపోయిందని అర్థం.

మన వంటిళ్ళ వల్ల ఈ యూనిట్లకి వచ్చే ఇబ్బంది వేరు. 300 గ్యాలన్లనేది నీటి లెక్క మాత్రమే, అందులో ఎంత సరుకు కరిగి ఉందో ఆ అంకె చెప్పదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, గ్రైండరు కడిగిన ఇడ్లీపిండి నీళ్ళు, పెరుగు గిన్నెలు, ఇవన్నీ బాక్టీరియాకి మేత. మేత ఎక్కువైతే అదే గాలితో అరిగించుకోలేదు, బురద త్వరగా పెరుగుతుంది. బియ్యం నీళ్ళు, గంజి మొక్కలకి పోసేయండి. పోపు మూకుడు, అప్పడాల బాండీ పేపరు టవలుతో తుడిచి ఆ కాగితం చెత్తలో వేశాకే సింకులో పెట్టండి. వేపుడు నూనె ఒక్క చుక్క కూడా సింకులో పోయొద్దు, ట్రాష్ ట్యాంకులో తెట్టెకట్టి అవుట్‌లెట్ టీని (నీరు బయటికెళ్ళే గొట్టాన్ని) మూసేస్తుంది. సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ ఉంటే స్విచ్ తీసేయించడమే మేలు. వెట్ వైప్స్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసున్నా అవి కరగవు.

అమ్మానాన్నలు వచ్చిన ఆరు నెలలు బట్టలన్నీ ఆదివారమే ఉతికే అలవాటు మానుకోవాలి. వరసపెట్టి ఆరేడు లోడ్లు వేస్తే నీటి ఉరవడికి క్లారిఫయర్‌లో దిగాల్సిన బురద దిగకముందే పంపు ట్యాంకులోకి కొట్టుకుపోతుంది. రోజుకొకటో రెండో వేసుకోండి.

క్లోరిన్ బిళ్ళలు కొనేటప్పుడు చాలా జాగ్రత్త. మురుగు శుద్ధికని లేబుల్ మీద రాసి ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ బిళ్ళలే వాడాలి. కాస్ట్‌కోలో చవగ్గా దొరికే స్విమ్మింగ్ పూల్ బిళ్ళలు సాధారణంగా ట్రైక్లోర్. పాత కాల్షియం హైపోక్లోరైట్ ముక్కలు గొట్టంలో ఉండగా ట్రైక్లోర్ వేస్తే రెండూ తడిసి పేలుడు స్వభావమున్న నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పుడుతుంది. కొత్త ఇంట్లో గొట్టంలో ఏమున్నాయో తెలియదు కాబట్టి, మొదట ప్రొవైడర్ చేత గొట్టం ఖాళీచేయించి, కడిగించి, అప్పుడు కొత్త బిళ్ళలు వేయించండి. గొట్టంలో బిళ్ళలు ఉబ్బి ఇరుక్కుంటే కింది బిళ్ళ అరిగిపోయినా పైవి జారవు. గొట్టం నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది, నీటికి మాత్రం క్లోరిన్ తగలదు. నెలకోసారి ఎత్తి, కదిపి చూడాలి.

సున్నపురాతి ప్రాంతం కాబట్టి నీళ్ళు గట్టిగా ఉంటాయి, ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉండే ఉంటుంది. వాడకాన్ని కొలిచి అవసరమైనప్పుడే రీజెనరేట్ అయ్యే (ఉప్పునీళ్ళతో తనని తాను కడుక్కునే) రకమైతేనే దాని ఉప్పునీళ్ళు సెప్టిక్‌లోకి వదలొచ్చు. గడియారం ప్రకారం మూడురోజులకోసారి నడిచే పాత రకమైతే మార్పించండి.

మెయింటెనెన్స్ కాంట్రాక్టు: కొత్త ఏరోబిక్ యూనిట్‌కి మొదటి రెండేళ్ళ సర్వీసు ఇన్‌స్టాలర్ నుంచే వస్తుంది. తర్వాత నాలుగు నెలలకోసారి తనిఖీ, రిపోర్టు కౌంటీకి వెళ్ళాలి. సింగిల్ ఫ్యామిలీ ఇంటి యజమాని సొంతంగా చూసుకోడానికి రాష్ట్రం ఒప్పుకుంటుంది, కానీ కౌంటీ శిక్షణ అడగొచ్చు, ఇంకా కఠినంగానూ ఉండొచ్చు. మీ కౌంటీ ఆర్డర్ (కౌంటీ సొంత సెప్టిక్ నిబంధనలు) చదివి నిర్ణయించుకోండి. ఎలా ఉన్నా మొదటి ఏడాది కాంట్రాక్టు తీసుకోవడమే మంచిది. గడువు తీరి ఎన్నాళ్ళయిందో తెలియని యూనిట్‌ని మీరే నేరుగా చేతిలోకి తీసుకోకండి.

ప్రశ్న: కొత్తూరు_బాస్ట్రాప్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాకు 11 ఎకరాలుంది. 10 ఎకరాలు దాటితే పర్మిటే అక్కర్లేదంటారు, నిజమేనా?

జవాబు: నల్లరేగడి

షరతులతో నిజం. ఆ స్థలంలో ఒకటే ఇల్లు ఉండాలి, సిస్టంలోని ప్రతి భాగం ప్రాపర్టీ లైనుకి కనీసం 100 అడుగుల లోపల ఉండాలి, నీరంతా మీ స్థలంలోనే ఇంకాలి, ఎవరికీ ఇబ్బంది గానీ భూగర్భ జలానికి కాలుష్యం గానీ కలగకూడదు. స్థలం సన్నగా పొడుగ్గా ఉంటే ఆ 100 అడుగుల దగ్గరే చాలామందికి కుదరదు. కౌంటీ ఆర్డర్‌లో ఈ మినహాయింపు తీసేసి ఉండొచ్చు కూడా, అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పర్మిట్ లేకపోయినా సైట్ ఇవాల్యుయేటర్ చేత మట్టి పరీక్ష చేయించండి. డిస్పోజల్ ఏరియాకి రెండు చివర్లా రెండు గుంటలు, తవ్వబోయే లోతుకన్నా రెండడుగులు కిందికి. బాస్ట్రాప్ వైపు ఇసుకనేలలున్నాయి, వాటిలో మామూలు డ్రెయిన్‌ఫీల్డ్ (ట్యాంకు నీరు నేలలోకి ఇంకే కాలువలు) పనిచేసే అవకాశం ఉంది. అది కుదిరితే గాలి పంపు, క్లోరిన్ బాధ రెండూ ఉండవు.

పల్నాడు_ఆస్టిన్

ఆప్షన్ పీరియడ్ ఇంకో 10 రోజులు పొడిగించారు, శానిటేరియన్ గురువారం వస్తున్నారు. చివరి ప్రశ్న: ట్యాంకులు ఇప్పుడే తోడించమని సెల్లర్‌ని అడగాలా?

జవాబు: గోదారిగట్టు

శానిటేరియన్ చూసి వెళ్ళేదాకా తోడించనివ్వకండి. ఖాళీ ట్యాంకులో బురద మట్టం కనపడదు, క్లారిఫయర్ సంగతీ తెలియదు, సీసా పరీక్షకి నీళ్ళే ఉండవు. ఆయన చూశాక, టీసీఈక్యూలో రిజిస్టరైన ట్రాన్స్‌పోర్టర్ చేత తోడించి, ట్రిప్ టికెట్ (తోడిన మురుగు ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పే రసీదు) కాపీ తీసుకోండి. గదులన్నీ సమానంగా తగ్గేలా తోడమని ముందే చెప్పండి. ఒక గది ఖాళీచేసి పక్కది నిండుగా వదిలేస్తే ఆ బరువుకి క్లారిఫయర్ కోన్ నలిగిపోతుంది. తోడిన వెంటనే గొట్టంతో నీళ్ళు నింపాలి. వానలు పడి నేల తడిసి ఉంటే, ముఖ్యంగా ఫైబర్‌గ్లాస్ ట్యాంకు, ఖాళీగా ఉన్నప్పుడు పైకి తేలి పైపులు తెంపుకుంటుంది. నీళ్ళు నిండాక ఎయిర్ పంపు ఆన్ చేసి, గాలి గదిలో కుతకుతలు చూసుకున్నాకే మూతలు బిగించమనండి.